మాడని ఉల్లిపాయ

పొట్టీ, పాలు చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టు. డాబా మీద బట్టలు తీసెయ్.

ఫ్రిజ్‌లో వెనక్కి నెట్టి దాచిన గుమ్మడికాయ సూప్ చూశాను. మన చిన్నప్పటి మాయాలోకం పుస్తకాల్లో, చలికాలం రాగానే మంత్రగత్తె వండే సూప్. ఏటా ఇద్దరం కలిసే వండుతాం కదే! నిన్న నేను డ్యూటీకి వెళ్లగానే మీ ఆఫీసు వాళ్లకి వండిపెట్టేశావు. సరే పోనీ అనుకుని చెంచాడు రుచి చూశాను. మాడిన ఉల్లిపాయ వెయ్యలేదు! ఎనిమిదేళ్లప్పుడు నువ్వు ఉల్లిపాయ మాడ్చేసి ఏడుస్తుంటే, మంత్రగత్తె కూడా మాడ్చే వేస్తుందని అబద్ధం చెప్పి ఊరుకోబెట్టాను. అప్పట్నుంచీ కావాలనే మాడుస్తున్నాం. వాళ్ల ముందు నామోషీ అనిపించిందా?

నాకోసం చూడకు, తినేసి పడుకో.

అక్క

తా.క. మాడకుండా చేస్తేనే బాగుంది. అదే తట్టుకోలేకపోతున్నాను.