మోకాల్లోతు నీళ్లలో పరీక్ష

ఏప్రిల్ 9

నేను ప్రేమించిన స్కూల్ టీచర్‌ని నాకిచ్చి పెళ్లి చేస్తారా అంటే వాళ్ల నాన్నగారు ఔననలేదు, కాదనలేదు. ముప్పై ఏళ్లు బస్సు నడిపి రిటైరైన మనిషి. మనసులో ఆయన్ని డ్రైవర్‌గారు అనే పిలుచుకుంటాను. బండి నడిపే తీరు చూస్తే మనిషి తెలిసిపోతాడట. అందుకని ఆదివారం ఇంటిల్లిపాదీ నా రాఫ్ట్, అదే నేను నదిలో టూరిస్టులను తిప్పే గాలిపడవ, ఎక్కుతారట, ఆ తర్వాతే పెళ్లి మాటట. ఈ సంగతి చెబుతూ టీచర్ పడీ పడీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఏప్రిల్ 10

నదిలో నీళ్లు లేవు.

ఏప్రిల్ 11

ఉన్నాయి గానీ రాఫ్ట్‌కి చాలవు. పైన డ్యామ్ వాళ్లు గేట్లు బిగించేశారు. మామూలుగా మునిగి ఉండే రాళ్లన్నీ తేలి కూర్చున్నాయి. మా ఓనర్ బుకింగులు ఆపేశాడు. ఇప్పుడు వెళితే సగం దూరం మనం రాఫ్ట్ మీద, సగం దూరం రాఫ్ట్ మన మీద అన్నాడు.

కొన్నాళ్లు ఆగుదామని టీచర్‌కి ఫోన్ చేశాను. వాయిదా వేస్తే నాన్న దృష్టిలో అదే నా జవాబు అయిపోతుందంది. సరేనన్నాను. చిన్న రాఫ్ట్ దింపి గాలి నింపాను. మునిగే భయం లేదు కదా అని నాకు నేనే ధైర్యం చెప్పుకున్నాను. రాళ్ల భయం సంగతి ఎత్తలేదు.

ఏప్రిల్ 13, ఉదయం

ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. నీళ్లలో దిగేవాడికి ఇస్త్రీ ఎందుకో నాకే తెలియదు. టెన్షన్.

ఏప్రిల్ 13, సాయంత్రం

నా పని అయిపోయింది.

ముగ్గురూ చెప్పిన టైంకే వచ్చారు. ఎవరూ ఎప్పుడూ రాఫ్ట్ ఎక్కినవాళ్లు కాదు. టీచర్ వాళ్లమ్మగారికి నేను లైఫ్ జాకెట్ బిగిస్తుంటే, ఇది వేసుకున్నాక ఇక తిండి మానెయ్యాలా అని అడిగారు. డ్రైవర్‌గారు ముందు కూర్చున్నారు. నడిపేది వెనక నుంచేనండీ అంటే నన్ను వింతగా చూశారు.

మొదట్లో బ్రహ్మాండంగా సాగింది. అటూ ఇటూ ఎర్రటి కొండచరియలు. నీళ్లు ఎంత తేటగా ఉన్నాయంటే అడుగున గులకరాళ్లు లెక్కపెట్టొచ్చు. అమ్మగారు నిజంగానే లెక్కపెట్టడం మొదలుపెట్టారు.

తర్వాత పెద్ద రాళ్లు వచ్చాయి. రాఫ్ట్ మీద గైడ్ మాట ఒక్క ముక్కలో ఉండాలి. ముందుకు. ఆపండి. కుడి. ఎంత పెద్దవాళ్లు ఎక్కినా అంతే. కానీ ఎదురుగా ఆయన వీపు చూస్తూ అలా అనలేకపోయాను. మీకు ఇబ్బంది లేకపోతే కాస్త కుడివైపు ప్యాడిల్ వేస్తారా అండీ అన్నాను. అయ్యో ఇబ్బందేముంది బాబూ అని ఆయన కూడా వెనక్కి తిరిగి మర్యాదగా జవాబిచ్చారు. ఈ మర్యాదలు పూర్తయ్యేలోపు రాయి మీదికి ఎక్కేశాం.

టూరిస్టులైతే దిగి తొయ్యమంటాను. మామగారు కావలసిన మనిషిని ఏమంటాను? టీచర్ దిగబోతే వద్దన్నాను. ఒక్కణ్ణే మోకాల్లోతు నీళ్లలో దిగి లాగాను. చొక్కా చంక దగ్గర చిరిగింది, రాఫ్ట్ మాత్రం కదల్లేదు. చివరికి ఆయనే ప్యాంటు మడిచి దిగారు. బస్సు ఆగిపోతే నేను ప్యాసింజర్లను బతిమాలేవాణ్ణి కాదు, దిగి తొయ్యమనేవాణ్ణి అన్నారు. అమ్మగారు ఒక చేత్తో చెప్పులు పట్టుకుని రెండో చేత్తో తోశారు. రాఫ్ట్ జారింది. ఆయన మొహంలో ఏమీ తెలియలేదు. ఇంకా మర్యాదగా ఉండాలనుకున్నాను.

చివర్లో ఇరుకు సందు ఉంది. రెండు బండల మధ్య నీళ్లన్నీ ఒకేచోట దూకుతాయి. నీళ్లు తగ్గితే బండ అంచు బయటపడుతుంది. సరిగ్గా అక్కడ డ్రైవర్‌గారు లేచి నిలబడ్డారు. ముందు దారి కనిపించకపోతే ఉండలేరు, అదొక అలవాటు. పడితే తల ఆ అంచుకే తగులుతుంది. ఇక నాకు మామగారు కనిపించలేదు, ఆ తల ఒక్కటే కనిపించింది.

"కూర్చో!"

నా గొంతు కొండకి తగిలి మళ్లీ వినిపించింది. ఆయన దబ్బున కూర్చున్నారు. సందు దాటాం. నీళ్లు అందరి మీదా పడ్డాయి.

ఒడ్డుకి చేరాక చెయ్యి అందిస్తే ఆయన పట్టుకోలేదు. సారీ అండీ అంటే వినిపించుకోలేదు. టీచర్ నా వైపు చూడలేదు. అమ్మగారు తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు, భుజాలు ఊగుతున్నాయి. ఏడుపో నవ్వో తెలియలేదు.

మా తమ్ముడి మీద కూడా నేనెప్పుడూ అలా అరవలేదు.

ఏప్రిల్ 14

ఫోన్ రాలేదు.

ఏప్రిల్ 16

టీచర్ మెసేజ్ పెట్టింది. నాన్న ఇంట్లో ఎవరితోనూ మాట్లాడటం లేదట. ఏం రాయాలో తోచక బొటనవేలు బొమ్మ పంపాను. బుద్ధి ఉన్నవాడు చేసే పనేనా?

సాయంత్రం ఒడ్డుకి వెళ్లాను. ఆమె ఎప్పుడూ కూర్చుని పిల్లల పేపర్లు దిద్దుకునే రాయి ఖాళీగా ఉంది. ఆమె రాకపోతే ఈ నది నాకెందుకు అనిపించింది. ఏడ్చాను కూడా.

ఏప్రిల్ 19

డ్రైవర్‌గారు వచ్చారు. ఒక్కరే, బస్సులో.

షెడ్డులో రాఫ్ట్ తిరగేసి అడుగున ప్యాచ్ వేస్తున్నాను. లేవబోతే, పని కానివ్వమన్నారు. బకెట్ బోర్లించి దాని మీద కూర్చున్నారు. తర్వాత తన బస్సు సంగతులు ఎత్తారు. ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్ల మీద గొంతు చించుకుని అరిచేవారట. వాళ్లు తిట్టుకునేవారట. ఇంటికి వెళ్లాక కూడా, పడి ఉంటే ఏమయ్యేదో అని ఈయన చేతులు వణికేవట. ఆ వణుకు సంగతి భార్యకి కూడా చెప్పలేదట.

"ఇన్నేళ్లూ అందరి కోసం నేనే భయపడ్డాను బాబూ. నా కోసం అంత భయపడి అరిచింది నువ్వొక్కడివే."

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. జిగురు ఘాటండీ అన్నాను. ఆయనకీ జిగురు ఘాటేనట.

వెళుతూ గుమ్మం దగ్గర ఆగారు. రాయి ఎక్కించింది మాత్రం నీ మర్యాదే, మా అమ్మాయితో కూడా అలా మాట్లాడావంటే కాపురం ఒక్క అడుగు కదలదు అన్నారు. మా అమ్మాయితో అన్నారు! ఆ మాట అర్థమయ్యేసరికి ఆయన బస్సెక్కేశారు.

మే 30

డ్యామ్ గేట్లు ఎత్తారు. డ్రైవర్‌గారు మళ్లీ వస్తారట. ముందు సీటే కావాలట.

జూన్ 18

రిజిస్ట్రార్ ఆఫీసు. టీచర్ సంతకం పెట్టేసి పెన్ను నాకిచ్చింది. మళ్లీ టెన్షన్. కుర్చీ పక్కన అలాగే నిలబడిపోయాను. వెనక నుంచి డ్రైవర్‌గారి గొంతు ఒక్క ముక్క వినిపించింది.

కూర్చో.

కూర్చున్నాను.