నగరం దగ్గర ఆగిన కారు

సుగుణా, ఎలా ఉన్నావు?

నువ్వు కన్నుమూసి ఏడో నెల నడుస్తోంది. మీ అమ్మగారిని డయాలసిస్‌కి ఇప్పుడు నేనే తీసుకెళ్తున్నాను... నువ్వు నడిపిన కారులోనే. అన్నాళ్ళూ నీ పక్క సీట్లో కూర్చున్నవాణ్ణి కదా, స్టీరింగు పట్టుకుంటే ఇప్పటికీ అరచేతులకి చెమటలు పట్టేస్తాయి.

పోయిన గురువారం రాజోలు నుంచి అమలాపురం బయలుదేరాం. దారిలో నగరం ఊళ్ళో కొబ్బరికాయల లారీ ఒకటి రోడ్డుకి అడ్డం తిరుగుతుంటే దాని వెనక చాలాసేపు ఆగిపోయాం. చూస్తూండగానే ఇంజను వేడి చూపించే ముల్లు ఎర్రగీత దగ్గరికి వెళ్ళిపోయింది. ఎప్పుడూ సగం దాటనిది...

నీ మాటలే గుర్తొచ్చాయి. "ముందు పక్కకి తీసి ఆపెయ్యండి. కంగారుపడి రేడియేటరు మూత తీసేరంటే మొహం కాలిపోద్దండి."

ఆపేశాను. కారు కింద వంగి చూస్తే చుక్క కూడా కారలేదు. చల్లారేదాకా ఆగి చూశాను, కూలెంటు గీత వరకూ ఉంది. మళ్ళీ స్టార్ట్ చేసి ఏసీ వేశాను. ఏసీ వేస్తే తిరగాల్సిన రేడియేటరు ఫ్యాన్ కదల్లేదు.

"ఆగినప్పుడు వేడెక్కి, పరిగెడితే తగ్గుతోందంటే ఫ్యానేనండి" అనేదానివి. అదే అయింది. కనిపెట్టేశానని ఒక్క క్షణం సంతోషం వేసింది. ఎవరికి చెప్పుకోను?

వెనక్కి తిరిగేసరికి అత్తయ్యగారు సీట్లో వాలిపోయి ఉన్నారు. ఎండ... ఒళ్ళంతా చెమట... ఊపిరి బరువుగా తీస్తున్నారు. కారు అక్కడే వదిలేసి ఆటో ఎక్కించాను. బోడసకుర్రు వంతెన మీద నా చెయ్యి పట్టుకున్నారు.

"అల్లుడుగారూ, ఇంక చాలండి. నన్ను తిప్పకండి. అమ్మాయి లేని ఇంటికి మళ్ళీ మళ్ళీ బతికొచ్చి ఏం చెయ్యనండీ?"

నువ్వైతే ఏమనేదానివి?

ఆలస్యంగా వెళ్ళినా ఆసుపత్రిలో మెషీను ఇచ్చారు. ఆ రోజుకి గండం గడిచింది. ఫ్యాన్ మోటారు కాలిపోయిందని మెకానిక్కు కొత్తది వేశాడు. కారు బాగానే ఉంది. మీ అమ్మగారే సోమవారం రానన్నారు. బతిమాలాను, ఏడ్చాను... గోడవైపు తిరిగి పడుకున్నారు. ఈరోజు కాళ్ళు బాగా వాచాయి. డాక్టరుగారికి ఫోన్ చేస్తే, ఇలా మానేస్తే ఎక్కువ రోజులు ఉండరని చెప్పేశారు.

రేపు పొద్దున్న మళ్ళీ అడుగుతాను. ఆయ్ అని ఒప్పుకుంటే తీసుకెళ్తాను. కాదంటే మంచం పక్కనే కూర్చుంటాను. బలవంతాన ఎత్తుకెళ్ళను సుగుణా... ఒంటరిగా వదలను కూడా. ఇదే నీకిస్తున్న మాట.

నీ
రాజు