గుప్పెడు పిండి

మైపాడు, 3 జులై 1963

గైడు పద్మనాభయ్యగారి ప్లాను సులువే. పాలెంలో సగం ఇళ్ల పిల్లలకు వేరుశనగ, శనగ కలిపిన బలం పిండి ఇవ్వాలి. మిగతా సగానికి ఇవ్వకూడదు. నెలనెలా తూకం. ఆ తేడాయే నా థీసిస్. పిండి రాని తల్లులకు ఏం చెప్పాలని అడిగితే, ఏమీ చెప్పొద్దన్నారు. నాకూ అదే మేలనిపించింది.

7 సెప్టెంబరు

తేడా లేదు. రెండు వైపులా పిల్లలు ఒకేలా పెరిగారు. తక్కెడ మార్చి తూచినా అంతే.

8 సెప్టెంబరు, ఆదివారం

దొరికింది. ఒళ్లు మండిపోతోంది. ఈ పాలెంలో అన్నం వండిన ప్రతిసారీ గుప్పెడు బియ్యం తీసి ముంతలో వేస్తారు, చర్చికీ లేనివాళ్లకూ. నా పిండికీ అదే పద్ధతి పెట్టారు. పిండి వచ్చే ఇళ్లు గుప్పెడేసి తీయడం, ఆదివారం ప్రార్థన కాగానే రాని ఇళ్లకు పంచడం. పిండి అందే తల్లుల్లో ఒకామె, మగ్దలీనమ్మను నిలదీశాను. తియ్యకుండా జావ ఎట్ల కాచేదమ్మా, నువ్వు ఆ ఇళ్లు మరిచిపోయినావేమో అనుకున్నాం అన్నది. నా చదువంతా గంగపాలు. ఎవరడిగారు వీళ్ల దయ?

12 సెప్టెంబరు

పద్మనాభయ్యగారు కోప్పడలేదు, నవ్వారు. పంచుకున్న సంగతి రాయొద్దట. పిండి రాని పిల్లల తూకాలు తగ్గించి వేయమన్నారు. మళ్లీ ఎవడొచ్చి తూస్తాడమ్మా అన్నారు. ఇకమీదట పిండి నా కళ్లెదుటే తినిపించాలట, గుప్పెడు కూడా బయటికి పోకుండా.

పిండి రాని పిల్లల్లో మగ్దలీనమ్మ చెల్లెలి కూతురు నవోమి ఉంది. జులైలో నిలబడలేని పిల్ల, ఇప్పుడు నా తక్కెడ పట్టుకుని ఊగుతోంది. దాని బరువు ముందు కాగితం మీద తగ్గించాలి, తర్వాత ఒంట్లో తగ్గించాలి. ఇదేం సైన్సు? ఆయన మనవరాలైతే ఏ సగంలో వేసేవారు?

13 సెప్టెంబరు

తగ్గించనని చెప్పేశాను. జరిగింది జరిగినట్టే రాస్తానన్నాను. అయితే పిండీ ఆగుతుంది, నీ డాక్టరేటూ ఆగుతుందన్నారు. గొంతు కూడా పెంచలేదు మహానుభావుడు.

14 సెప్టెంబరు

తల్లులందరినీ కూర్చోబెట్టి చెప్పాను. ఏ ఇల్లూ మరిచిపోలేదని, కావాలనే వదిలేశామని. బిడ్డ నిలబడలేకుండా ఉంటే, తెలిసే వదిలినావా అన్నది మగ్దలీనమ్మ. పద్మనాభయ్యగారి పేరు చెప్పబోయి ఆగాను. జులైలో నాకూ అదే మేలనిపించిందిగా.

22 సెప్టెంబరు, ఆదివారం

పిండి ఆగిపోయింది. స్టైపెండూ ఆగిపోయింది. ప్రార్థన అయ్యాక మగ్దలీనమ్మ వచ్చింది. పలకరించలేదు, నా మొహం చూడలేదు. ముంతలోంచి గుప్పెడు బియ్యం నా గిన్నెలో పోసి, పక్కింటికి వెళ్లింది.