క్రాకోవ్ వంటగది

పిస్కాటవే,
జూన్ 9

ప్రియమైన అనూప్ గారికి,

ఈ ఉదయం గైడ్‌బుక్‌ని లైబ్రరీలో తిరిగి ఇచ్చేద్దామని తీశాను. క్రాకోవ్ కోట గురించి రాసిన పేజీల మధ్య ఒక ఆవగింజ ఉంది. గోటితో తీసి కిటికీ గట్టు మీద పెట్టాను. పోలండ్ అంతా తిరిగొచ్చిన పుస్తకానికి అంటుకున్నది అదొక్కటే.

ఫోన్ చేయకుండా ఉత్తరం ఎందుకంటే, ఫోన్‌లో నాకు కోపం రాదు, ఏడుపు వస్తుంది. ఇప్పుడు నాకు కోపంగానే ఉండాలని ఉంది.

నిశ్చితార్థం అయ్యాక మీరే అన్నారు, "పెళ్లిలోపు ఎక్కడికైనా వెళ్దాం, అమ్మానాన్నా కూడా వస్తారు, నువ్వే ప్లాన్ చేయి" అని. పోలండ్ అన్నాను. చలికాలమంతా చదివాను. క్రాకోవ్, వ్రోత్స్వాఫ్, తోరూన్, గ్దాన్స్క్. క్రాకోవ్‌లో చౌరస్తా మీదికి కిటికీ ఉన్న ఇల్లు వెతికి వెతికి బుక్ చేశాను. ఆ ఇంట్లో వంటగది ఉందని ఆంటీ సంతోషించారు. అత్తయ్య అని పిలవమన్నారు గానీ, ఈ ఉత్తరంలో ఆంటీ అనే రాస్తాను.

మే నెలలో అక్కడ దిగీ దిగగానే ఆవిడ సూట్‌కేసులోంచి కుక్కర్, కందిపప్పు, పోపులపెట్టె తీసి నా చేతికిచ్చారు. "నువ్వు కానిస్తూ ఉండమ్మా, మేమలా చూసొస్తాం." మీరు, ఆంటీ, అంకుల్, ఆయన స్నేహితుడు పద్మనాభం అంకుల్ కోటకి వెళ్లారు. నేను పప్పు కడిగాను.

అక్కడ గంట గంటకీ చర్చి బురుజు మీద బూర ఊదుతారు. పాట సగంలో ఠక్కున ఆగిపోతుంది. పూర్వం శత్రువులు వస్తున్నారని ఊదుతున్నవాడి గొంతులో బాణం దిగిందని కథ. ఇప్పటికీ అక్కడే ఆపేస్తారు. జనం చౌరస్తాలో తలెత్తి నిలబడి వింటారు. నేను కుక్కర్ విజిళ్ల మధ్య విన్నాను.

వ్రోత్స్వాఫ్‌లో సందెవేళ నల్లకోటు మనిషి వచ్చి వీధి దీపాలను ఒక్కొక్కటీ చేత్తో వెలిగిస్తాడు. మీరు వీడియో తెచ్చి చూపించారు. ఆ వేళకి నేను చారు పెడుతున్నాను. తోరూన్‌లో కోపర్నికస్ ఇల్లు మనం దిగిన వీధి చివరే. చెత్త పారేయడానికి వెళ్లినప్పుడు దాని తలుపు చూశాను.

గ్దాన్స్క్ గురించి ఇప్పుడు రాయను. ఒక్కటి చెప్పండి. నేను పక్కన లేనని ఆ ఊళ్లలో ఎక్కడైనా మీకు అనిపించిందా?

మీ
విద్య


ప్లేనో,
జూన్ 16

ప్రియమైన విద్యా,

పేపర్ మీద ఉత్తరమా! నా రాత చూసి నవ్వకు. సెవెంత్ క్లాస్‌లో ఇండియా వదిలాక ఇంత తెలుగు ఎప్పుడూ రాయలేదు.

నువ్వు ఇంత ఫీలయ్యావని నిజంగా తెలీదు. అడిగిన ప్రతిసారీ "పర్వాలేదు" అన్నావు కదా. అమ్మకి షుగర్, బయటి ఫుడ్ అస్సలు పడదు. పైగా ఆ ఊళ్ల గురించి నువ్వు అన్నీ చదివేశావు, ఇంక చూడ్డానికి ఏముంది? చదవనిది మేమే. అందుకే మేం చూశాం, హహ.

అమ్మ నీ గురించి ఎంత గొప్పగా చెప్తోందో తెలుసా? క్రాకోవ్‌లో మేం సాల్ట్ మైన్‌కి వెళ్లొచ్చిన రోజు నువ్వు పెట్టిన పప్పు గురించి టెంపుల్‌లో కనిపించిన వాళ్లందరికీ చెప్పింది. పద్మనాభం అంకుల్ అయితే, "ఒరేయ్, భూమి లోపల ఉప్పుతో చెక్కిన చర్చి చూశాం, ఉప్పు షాండ్లియర్లు చూశాం. కానీ ఉప్పు సరిగ్గా పడింది మాత్రం విద్య పప్పులోనేరా" అన్నారు.

ఫొటోల ఆల్బమ్ షేర్ చేశాను, చూడు. నెక్స్ట్ ఇయర్ ప్రాగ్ అనుకుంటున్నాం. ఈసారి చిన్న కుక్కర్ కొంటా, ప్రామిస్.

లవ్,
అనూప్


పిస్కాటవే,
జూన్ 23

ప్రియమైన అనూప్ గారికి,

నా ప్రశ్నకి జవాబు రాయలేదు. ఆల్బమ్ చెప్పింది. అందులో నేను ఒక్క ఫొటోలో ఉన్నాను. గ్దాన్స్క్‌లో, మెట్ల మీద, అలారం మోగిన పొద్దున. మీరందరూ నవ్వుతున్నారు.

ఆ పొద్దున స్టవ్ దగ్గర ఉన్నది ఆంటీ. పచ్చడికి ఎండుమిరపకాయలు వేయిస్తానన్నారు. కిటికీ తెరుద్దామని నేనన్నాను. "చలి, వద్దు" అన్నారు. పొగ కమ్మింది, అలారం మోగింది, బిల్డింగ్ అంతా కిందికి దిగింది. పసిబిడ్డను దుప్పట్లో చుట్టుకుని ఒకావిడ, చెప్పులు లేకుండా ఒక ముసలాయన. ఇంటి ఓనర్ పరుగున వచ్చి ఎవరు చేశారని అడిగింది. మీరు నా భుజం మీద చెయ్యి వేసి, "మై ఫియాన్సే. సారీ, ఆమెకి తెలీదు" అని ఇంగ్లిష్‌లో చెప్పారు. అందరి ముందూ ఓనర్ నన్ను తిట్టింది. ఆంటీ నా పక్కనే చున్నీతో ముక్కు మూసుకుని నిలబడ్డారు.

లోపలికొచ్చాక మీరు నాతో అన్న మాట గుర్తుందా? "అమ్మ పేరు చెప్తే బాగోదు కదా. నువ్వైతే ఏమీ అనుకోవు."

ఏలూరు కాన్వెంట్‌లో సిస్టర్లు మాకు గొంతు పెంచకూడదని నేర్పారు. పక్కవాళ్ల తప్పు నెత్తిన పెట్టుకోమని నేర్పలేదు. నేను మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టు కాదు. నాకు మాట్లాడటం కష్టం, అంతే. ఆ కష్టాన్ని మీరు వాడుకున్నారు.

ఆదివారం పద్మనాభం అంకుల్ మీ ఇంటికి భోజనానికి వస్తారు కదా. నన్ను ఇప్పటికీ "ఫైర్ ఇంజన్" అంటున్నారని మీరే ఫోన్‌లో నవ్వుతూ చెప్పారు. ఆయన ముందు, మీ అమ్మానాన్నల ముందు, మిరపకాయలు వేయించింది ఎవరో చెప్పండి. ఎవరినీ తిట్టక్కర్లేదు. జరిగింది జరిగినట్టు చెప్తే చాలు. చిన్న విషయం అంటారు. చిన్నదే. ఇంత చిన్నది చెప్పలేని మనిషి రేపు పెద్దదానికి నా పక్కన నిలబడతాడని నేనెలా నమ్మను?

ఇది జరగకపోతే నవంబర్‌లో పెళ్లి జరగదు. ఈ వాక్యం చాలాసార్లు రాసి చూసుకున్నాను. మార్చాల్సింది ఏమీ కనిపించలేదు.

విద్య


ప్లేనో,
జూలై 1

ప్రియమైన విద్యా,

చెప్పాను. ఓకే?

అందరం తింటున్నాం. "అలారం మోగించింది విద్య కాదు, అమ్మ" అన్నాను. పద్మనాభం అంకుల్ వెంటనే నాన్న వైపు తిరిగి, "అబ్బో! అప్పుడే పెళ్లాం పార్టీలో చేరిపోయాడ్రా యోగానందూ! గిరిజమ్మా, నీ పని అయిపోయింది" అన్నారు. నాన్న కూడా నవ్వారు. అమ్మ మాత్రం చెయ్యి కడిగేసుకుంది. "నేనా? నువ్వు చూశావా నేను వేయిస్తుంటే?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. నాన్నేమో, "ఇప్పుడెందుకురా ఇదంతా, దాన్ని తిననీ" అని నా మీదికొచ్చారు.

అమ్మకి బీపీ, నీకు తెలుసు. ఏం చేయను? "ఊరికే జోక్ చేశానమ్మా, నువ్వు కాదులే" అన్నాను. మళ్లీ అంతా నార్మల్. అమ్మ పెరుగన్నం తింది.

సో, టెక్నికల్‌గా నువ్వు అడిగింది చేశాను. ఆ టేబుల్ దగ్గర ఉంటే నువ్వూ ఇదే చేసేదానివి. ప్లీజ్, ఇంక దీన్ని వదిలేద్దాం. వెడ్డింగ్ కార్డ్ శాంపిల్ వచ్చింది. నీ పేరు గోల్డ్‌లో భలే ఉంది.

లవ్,
అనూప్


పిస్కాటవే,
జూలై 8

ప్రియమైన అనూప్ గారికి,

చెప్పారు, వెంటనే వెనక్కి తీసుకున్నారు. అసలు చెప్పకుండా ఉంటే బాగుండేది. అప్పుడు నేను ఒక అబద్ధమే మోసేదాన్ని. ఇప్పుడు నిజం కూడా జోక్ అయిపోయింది.

సాల్ట్ మైన్ రోజు పప్పు నేను వండలేదు.

మీ వ్యాన్ మలుపు తిరగగానే కోటు వేసుకున్నాను. చౌరస్తా వెనక సందులో ఒక నేపాలీ ఆయన చిన్న హోటల్ నడుపుతున్నాడు. పప్పు, దుంపల వేపుడు కావాలని, సాయంత్రం వచ్చి తీసుకుంటానని చెప్పాను. అక్కణ్ణించి బూర ఊదే ఆ చర్చికే వెళ్లాను. మధ్యాహ్నం కావస్తుండగా ఒక సిస్టర్ పొడుగాటి కర్రతో పూజాపీఠం తలుపులు తెరిచింది. లోపల చెక్కతో చేసిన మనుషులు. ఒక్కొక్కరూ నాకన్నా చాలా ఎత్తు. ముసలివాళ్ల చేతుల మీద నరాలు కూడా చెక్కారు. మెడ నొప్పి పుట్టేదాకా చూశాను. తర్వాత కోట. తర్వాత నది ఒడ్డున బెంచీ మీద కూర్చుని పియెరోగి తిన్నాను. చూడ్డానికి కజ్జికాయల్లా ఉంటాయి, లోపల బంగాళాదుంప, కారం లేదు. ఎవరికీ వడ్డించకుండా తిన్నాను.

సాయంత్రం పప్పు తెచ్చి కుక్కర్‌లోకి ఒంపి, మూత పెట్టి, మీ కోసం కూర్చున్నాను. బయటి తిండి పడని ఆంటీ రెండోసారి వడ్డించుకున్నారు. ఏమీ కాలేదు.

ఆ ఒక్క రోజునీ తలుచుకుని ఇన్నాళ్లూ గర్వపడ్డాను. మీ ఉత్తరం చదివాక భయం వేసింది. మీ ఇంట్లో నా బతుకు అలాగే ఉంటుంది. మీరు మలుపు తిరిగేదాకా ఆగడం, మీరు వచ్చేలోపు మూత పెట్టేయడం. నాకు అది చేతకాక కాదు. చాలా బాగా చేస్తాను. ఎవరికీ తెలియనివ్వను. అందుకే నాకు వద్దు.

ఆంటీకి ఈ ఉత్తరం చదివి వినిపించండి. ఈసారి జోక్ అనకండి. కార్డులు అచ్చుకి ఇవ్వొద్దు. ఉంగరం విడిగా పార్సిల్‌లో పంపాను, సంతకం చేసి తీసుకోండి.

ఇంకొకటి. మీలో ఒక్కరూ ఎప్పుడూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఏలూరులో మా ఇంట్లో వంట చేసేది మా నాన్న.

విద్య