జడ్చర్ల అంగట్లో సైకిల్ చుట్లు

అక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఇంట్లో ఏడుస్తూ కూర్చుంటాననుకున్నావా? మగ్గం ఆపి, నిన్ను వెనక కూర్చోబెట్టుకుని దవాఖానకు తిప్పిన ఆ పాత సైకిల్ మీదే నల్గొండ నుంచి కొల్లాపూర్‌కు బయలుదేరాను. నిన్ను తీసుకుపోయిన ఆ రాచపుండుకు, అదే క్యాన్సర్‌కు, మందు కనిపెట్టాలని చూస్తున్న డాక్టర్ల కోసం దారి పొడవునా చందాలు అడుగుతున్నాను. కొల్లాపూర్ చేరి తీరతాను, నా మొండితనం నీకు తెలుసు.

ఇవాళ జడ్చర్ల అంగట్లో ఆగి సంగతంతా చెబితే ఒక్కరూ జేబులో చేయి పెట్టలేదు. మనవైపు సైకిల్ తొక్కి చందా అడగడమంటే కాలు కింద పెట్టకుండా ఒకేచోట రోజుల తరబడి గుండ్రంగా తిరగడమే కదా!

"ఎల్లిపొయ్యేటోనికి ఎందుకిస్తం? గీడ్నే తిరుగు, సూస్తం," అన్నాడు బీడీల దుకాణం కాసిం సాబ్.

నాకు రోషమొచ్చింది. దుకాణాల మధ్యే చుట్లు కొట్టడం మొదలుపెట్టాను. చూస్తుండగానే జనం మూగారు. చివరికి కాసిం సాబే తన రుమాలు పట్టుకుని అందరి దగ్గరా వసూలు చేశాడు.

కూరగాయలమ్మే అవ్వ ఒకామె మాత్రం నన్నే చూస్తూ అడిగింది. "ఎనక ఎవ్వరు లేరు గద బిడ్డా, గా గుంత కాడికి రాంగనే గంత పైలంగ ఎందుకు తొక్కుతున్నవ్?"

అప్పటిదాకా నాకే తెలియలేదు. దవాఖాన దారిలో గుంత వచ్చినప్పుడల్లా నువ్వు నా చొక్కా పట్టుకుని "జర మెల్లగ తమ్మీ" అనేదానివి.

"అలవాటైంది అవ్వా," అని చెప్పి ఇంకో చుట్టు కొట్టాను. గుంత దగ్గర మళ్లీ మెల్లగానే పోయాను.