మచ్చుకు తీసిన కాయలు

గుంటూరు,
మార్చి, శుక్రవారం.

చిరంజీవి శ్రీరమ్యను ఆశీర్వదించి తాతయ్య రాసేది. ఇక్కడ ఇంటిల్లిపాదీ కులాసా. మీ నాయనమ్మ మోకాళ్ళు, నా నోరు ఎప్పటిలాగే ఉన్నాయి. మిర్చి సీజను కదా, వీధి వీధంతా తుమ్ములు. నువ్వు కులాసా అని రాశావు గానీ నేను నమ్మలేదు. నిజంగా కులాసాగా ఉన్న పిల్ల మాటిమాటికీ "ఏం పర్లేదు తాతయ్యా" అని రాయదు. ఇదంతా ఫోన్లో చెప్పొచ్చు. కానీ మధ్యలో నువ్వు జాలిపడి, "పోనీలే" అనేస్తావు. కాగితమైతే చివరిదాకా చదవక తప్పదు.

బిజినెస్ చదివేదానికి నాటకాలూ, తత్వశాస్త్రమూ ఎందుకని మీ బావ లక్ష్మీకాంత్ వెక్కిరించాడని రాశావు. మన బంధువులకు తెలిసిన చదువులు రెండే. ఒకటి ఇంజనీరింగు, రెండోది ఇంజనీరింగులో సీటు రాకపోవడం. ఒక్క గంట కొడితే అందరికీ వినబడేంత చిన్న కాలేజీలో, పొద్దున అకౌంట్సూ మధ్యాహ్నం చరిత్రా చెబుతారంటే వాళ్ళ బుర్రకు ఎక్కదు. నేను రైతుల సరుకు అమ్మిపెట్టే మన మిర్చి కొట్లో కూర్చుని అదే చేశాను. గల్లాపెట్టె మీద తక్కెడ చీటీలు, కింద పుస్తకం. తేడా ఏమిటంటే నీకు డిగ్రీ ఇస్తారు, నాకు "గ్రంథాలయం గారు" అనే బిరుదు ఇచ్చారు. ఇచ్చినవాడు బుల్లయ్య. మన కొట్లో ఎక్కువ సరుకు కొనే వ్యాపారి కాబట్టి నవ్వి ఊరుకునేవాణ్ణి. కానీ ఆ బిరుదు మరిచిపోలేదు.

నీతిశాస్త్రం క్లాసుకు నువ్వు రాసిన వ్యాసంలో తప్పులున్నాయా అని అడిగావు. లేవు. మన కొట్లో జరిగేది జరిగినట్టే రాశావు. రైతు సరుకు టిక్కీల్లో, అంటే కుట్టిన గోనె బస్తాల్లో, వస్తుంది. కొనేవాడు కుట్టు విప్పి, లోపలికి చెయ్యి పోనిచ్చి, దోసెడు కాయ లాగుతాడు. విరిచి, గింజ రంగు చూసి, కింద పడేస్తాడు. ఇంకో టిక్కీ, ఇంకో దోసెడు. పడేసిన కాయ మళ్ళీ రైతు టిక్కీలోకి పోదు. సాయంత్రం ఊడిస్తే కుప్పవుతుంది. ఆ కుప్ప కొట్టుది. దానికి 'మచ్చు' అని పేరుంది కాబట్టి ఎవరూ అడగరు. "చూడటానికి తీసుకున్నది తిరిగి ఇవ్వకపోతే, దాన్ని చూడటం అనవచ్చా?" అని నువ్వు అడిగావు. ఆ వాక్యం దగ్గర కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను.

ఆ తర్వాతే మీ నాన్న నిప్పులు చెరిగాడు. "వ్యాపారం నేర్చుకోమని పంపితే మన కొట్టునే బోనులో నిలబెట్టింది. ఈ ఏడుతో చాలు. వచ్చే ఏడు ఇక్కడే బీకాంలో చేరుద్ది" అన్నాడు. నీకు ఫోన్లోనూ అదే చెప్పాడు. అందుకే కదా, పేరెంట్స్ డే నాడు ఆ వ్యాసం చదవనా, చించెయ్యనా అని అడుగుతున్నావు. కాలేజీ వదలాల్సి వస్తుందని నీ భయం.

తాతయ్యా, నీకొక్కడికే పంపిన వ్యాసం నాన్నకెలా చేరింది అనీ అడిగావు. దానికి జవాబు ఇంతసేపూ వెనక్కి నెట్టాను. ఎవరో మోసుకెళ్ళలేదు తల్లీ. నేనే కొట్లో చదివాను, గట్టిగా.

ఆ రోజు పొదిలి వైపు నుంచి అంకమ్మ అనే రైతు కాయ తెచ్చింది. మంచి ఎరుపు. బుల్లయ్య ఆమె టిక్కీలో మోచేతి దాకా చెయ్యి పెట్టి, నన్ను చూసి, "ఏం గ్రంథాలయం గారూ, ఇవాళ ఏ దేశం చరిత్ర?" అన్నాడు. నా జేబులో నీ వ్యాసం ఉంది. "ఈ దేశానిదే" అని మొదలుపెట్టాను. చుట్టూ రైతులు చేరారు, లోపలి నుంచి మీ నాన్నా వచ్చాడు. బుల్లయ్య చెయ్యి టిక్కీలోనే ఉండిపోయింది. చదవడం పూర్తయ్యాక చెయ్యి తీసి తువ్వాలుతో తుడుచుకున్నాడు.

"మనవరాలిని బాగా చదివిస్తున్నారండీ. ఇక మీ కొట్లో కాయ ముట్టాలంటే ఆ పిల్లనడిగి రావాలి కాబోలు" అని వెళ్ళిపోయాడు. అతని వెనకే మిగతా వ్యాపారులూ వెళ్ళారు.

నేను గెలిచినట్టే చుట్టూ చూశాను. అంకమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది.

"గెలిచావా పెద్దయ్యా? దోసెడు కాయ పోయేదల్లా ఇప్పుడు టిక్కీలన్నీ మిగిలినయ్. ఆ పిల్ల రాసింది నిజమే. ఆ ముక్క నా సరుకు అమ్ముడైనాక చదవగూడదా?"

నేను అంకమ్మ కోసం చదవలేదు, బుల్లయ్య మీద చదివాను. ఆమెకు అది తెలిసిపోయింది.

మర్నాడు మీ నాన్న ఏం చేశాడో విను. వెళ్ళి బుల్లయ్యను పిలుచుకొచ్చాడు. నేల మీద కొత్త గోనెపట్టా పరిచాడు. "బుల్లయ్యగారూ, మీకు ఏ టిక్కీ మీద అనుమానమో మీరే చూపించండి. అడుగు దాకా గుమ్మరిస్తాం. అందరూ ఇందులోనే చూసుకోండి" అన్నాడు. గుమ్మరించారు. చూశారు, విరిచారు, వాసన చూశారు. మీ నాన్న పట్టా నాలుగు కొసలూ ఎత్తించి, మొత్తం కాయ మళ్ళీ టిక్కీలో పోయించి కుట్టించాడు. "అడుగు కాయే కనబడ్డాక ఇంకేముందయ్యా" అని అంకమ్మ సరుకంతా బుల్లయ్యే కొన్నాడు. నా చదువుకు లొంగనివాడు మీ నాన్న గోనెపట్టాకు లొంగాడు. ఇది నీకు రాయడానికి నాకెంత కష్టంగా ఉందో ఊహించుకో.

నీ ఉత్తరం వచ్చాక, నువ్వు వ్యాసం చించెయ్యనా అంటున్నావని చెప్పి, "మరి పిల్ల రాసింది తప్పెట్లా అయిందిరా?" అని మీ నాన్నను అడిగాను.

"తప్పని నేనెప్పుడన్నాను? ఇంట్లో నన్ను అడగాల్సింది పోయి, మీ చేత కొట్లో చదివించింది. నా బాధ అదీ."

చదివించింది నువ్వేనని అనుకుంటున్నాడని నాకు మొదటి రోజే అర్థమైంది. అయినా నోరు విప్పలేదు. ఈ వయసులో, కొడుకు ముందు, పాత కక్షతో చదివానని చెప్పుకోవడం కన్నా నువ్వు చెడ్డదానివి కావడమే తేలిగ్గా తోచింది. నేను దాచింది ఇది. ఆ క్షణాన మాత్రం చెప్పేశాను. "అమ్మాయికి తెలియదు. నేనే చదివాను."

మీ నాన్న చాలాసేపు గోనెపట్టా మడతపెట్టాడు. మడిచిందే మళ్ళీ మడిచాడు.

"పేరెంట్స్ డే ఎప్పుడు నాన్నా?"

"వచ్చే ఆదివారం."

"చించొద్దని చెప్పండి. కానీ సగమే రాసింది. రైతు సరుకు ఆ పూట అమ్ముడుపోవాలి, అది రాయలేదు. నేనెళ్ళి చెప్తా."

"బీకాం సంగతి?"

"ఆ మిగతా సగం రాయాలంటే వచ్చే ఏడు అక్కడ ఉండొద్దా?" అని విసుక్కున్నాడు.

టిక్కెట్టు తీసుకున్నాడు. సంచిలో ఆ గోనెపట్టా కూడా పెట్టించాడు. హాల్లో మీ మేష్టర్ల ముందు పరిచి చూపిస్తాడట. సిగ్గుపడకు. పట్టాకు అంటిన కాయల ఘాటుకు వాళ్ళు తుమ్మినా పట్టించుకోకు.

ఇట్లు,
నిన్ను అడక్కుండా నీ కాగితం చదివిన
మీ తాతయ్య,
చలమయ్య