ఫ్రిజ్ మీద పచ్చిచేప పంచాయితీ

ఇస్నాపూర్, సోమవారం ఉదయం

శ్రీవారికి నమస్కారాలు.
ఫ్రిజ్‌లో నీలం గిన్నెలో భోజనం ఉంది. ఆరోగ్యానికి మంచిది. తిని పడుకోండి.
ఇట్లు, డే షిఫ్టుకు పోతున్న
సత్యశ్రీ

సోమవారం సాయంత్రం

చి.ల.సౌ. సత్యకు ఆశీస్సులు.
నైట్ షిఫ్ట్ నుంచి వచ్చి గిన్నె తెరిచాను. అన్నం మీద కీరా, క్యారెట్, నువ్వులు, వాటి మీద పచ్చి చేపముక్కలు! పాపం, వండటం మరిచిపోయి ఉంటావు. నేనే పులుసు పెట్టాను. నీ వాటా పొయ్యి మీద ఉంది.
ఇట్లు, డ్యూటీకి బయల్దేరిన
త్రినాథరావు
తా.క.: కీరా కూడా పులుసులోనే వేశాను. దాని గురించి మాట్లాడుకోవద్దు.

మంగళవారం ఉదయం

ఏమండీ, నమస్కారం.
మరుపు కాదు, వంటకమే అది! పచ్చిగా తినడానికని అమ్మే చేప, గడ్డకట్టించిన ప్యాకెట్ తెప్పించాను. సోయా సాస్, నిమ్మరసం, అల్లం పట్టించి చల్లారిన అన్నం మీద పరిచాను. మీకు కొవ్వు ఎక్కువుందని, నూనె తగ్గించమని కంపెనీ డాక్టరు చెప్పలేదూ? ఇంకో గిన్నె పెట్టాను. పొయ్యి జోలికి పోకండి.
ఇట్లు, కీరా పులుసు తిని ఇంకా బతికున్న
సత్యశ్రీ

మంగళవారం సాయంత్రం

సత్యా,
నా మీద కోపముంటే కాగితం మీద రాయాలి గానీ పచ్చిచేప పెడతారా? కింది పోర్షన్ ఎంకమ్మ గారిని సలహా అడిగాను. "పచ్చిచేప పిల్లికేస్తరు గని మొగనికేస్తరా? ఏం లొల్లి అయింది సారూ?" అన్నారు. ఏం తప్పు చేశానో తెలియదు, క్షమించు.
ఇట్లు, అపరాధి
త్రినాథరావు
తా.క.: పులుసు పొయ్యి మీద ఉంది. ఎంకమ్మ గారు రుచి చూశారు. ఉప్పు తక్కువట.

బుధవారం ఉదయం

ఏమండీ,
కోపం రావాలన్నా మనిషి కనబడాలి కదండీ. మీరొచ్చేసరికి నేనుండను, నేనొచ్చేసరికి మీరుండరు. ప్లాంటులోకి ఫోన్ రానివ్వరు. వారం సెలవులూ వేర్వేరు రోజులే. మిమ్మల్ని మెలకువగా చూసి నెలైంది. నిజం చెప్పేస్తున్నాను, ఆరోగ్యం సగం సాకే. పొయ్యి వెలిగించే ఓపిక లేదు. అలసిపోయాను. గిన్నె యథాప్రకారం ఉంది. ఏం చేసుకుంటారో మీ ఇష్టం.
ఇట్లు,
సత్యశ్రీ
తా.క.: నిన్న గేటు దగ్గర ఎంకమ్మ గారు నా చెయ్యి పట్టుకుని "జెర ఓర్సుకో బిడ్డా" అన్నారు. ఎందుకో మీ ఉత్తరం చూశాక అర్థమైంది.

బుధవారం సాయంత్రం

సత్యా,
పచ్చిగా తినే చేప అని ప్యాకెట్ మీదే రాసి ఉంది. చెత్తబుట్టలోది సోమవారమే చదివాను. అయినా పులుసు పెట్టాను. నెల రోజులుగా "గిన్నెలో ఉంది, తినండి" తప్ప నువ్వేమీ రాయడం లేదు. పులుసు పెట్టాక సగం పేజీ వచ్చింది. తగువు పెంచితే ఇంకా వస్తుందని ఆశపడ్డాను. ఇవాళ్టిది చదివితే సిగ్గేసింది. మా షిఫ్ట్ యాదగిరిని బతిమాలి నా సెలవు నీకు సెలవుండే ఆదివారానికి మార్చుకున్నాను. ఆ రోజు వంట నాది. నువ్వు ఎదురుగా కూర్చుని తిడితే చాలు.
ఇట్లు, నీ
త్రినాథరావు
తా.క.: ఇవాళ గిన్నెలోది పచ్చిగానే తిన్నాను. బాగుంది. ఎంకమ్మ గారికి మాత్రం చెప్పకు.